పోప్ ఇన్నోసెంట్ పేరు, మా ఫాదర్ గారు

మా ఊళ్ళో పీటర్ అని ఎవరూ ఉండేవాళ్ళు కాదు, రాయప్పలు ఉండేవాళ్ళు. పాల్ ఉండేవాడు కాదు, చిన్నప్ప ఉండేవాడు. గ్జేవియర్‌ని శౌరి అనేవాళ్ళు. ఇగ్నేషియస్ ఇన్నాసి అయ్యాడు, ఆ ఇన్నాసే జనం నోళ్ళలో నలిగి ఇన్నయ్య అయ్యాడు. గుంటూరు జిల్లాలో క్యాథలిక్ కుటుంబాలున్న ఏ ఊరికి వెళ్ళినా ఈ పేర్లు చెవిన పడతాయి. 18వ శతాబ్దంలో పుదుచ్చేరి వైపు నుంచి జెస్విట్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన ఫ్రెంచి గురువులు, అంటే ప్రీస్టులు, తెలుగు నేల మీదికి వచ్చినప్పుడు, తమిళ దేశంలో అప్పటికే వాడుకలో ఉన్న పేర్లు కూడా వాళ్ళ వెంట వచ్చాయి. పేతురు అంటే గ్రీకులో రాయి, కాబట్టి రాయప్ప. పౌలు అంటే లాటిన్‌లో చిన్నవాడు, కాబట్టి చిన్నప్ప. పరాయి పేరుని ఉన్నదున్నట్టు పలకడం కాకుండా, దాని అర్థం పట్టుకుని మన పేరుగా మార్చుకోవడం ఎంత గొప్ప పనో చిన్నప్పుడే నాకు తెలియజెప్పింది మా ఊరి గుడి చూసుకునే విచారణ గురువులు. ఊరంతా ఆయన్ని ఫాదర్ గారనే పిలిచేది.

సెమినరీలో చదువంతా లాటిన్‌లో సాగిన తరం ఆయనది. 1960లలో రెండవ వాటికన్ మహాసభ జరిగాక పూజ తెలుగులోకి వచ్చింది. ఫాదర్ గారు తెలుగు పూజని ఎంతో ఇష్టంగా చేసేవారు. అయినా ఆయన గదిలో మేజా మీద లావుపాటి లాటిన్ నిఘంటువు ఒకటి ఎప్పుడూ ఉండేది. దాని అట్ట ఊడిపోతే సిమెంటు సంచి కాగితంతో కొత్త అట్ట వేసి మైదాపిండి జిగురుతో అంటించుకున్నారు. సాయంత్రం జపమాల అయ్యాక గుడి వరండాలో పిల్లలకి జ్ఞానోపదేశం ఉండేది. మామూలు రోజుల్లో ఉపదేశి తాత చెప్పేవాడు. శనివారం వస్తే ఫాదర్ గారే స్వయంగా వచ్చి కూర్చునేవారు. గోడ క్యాలెండర్ నుంచి రోజూ చింపే కాగితాలు పారేయకుండా దాచి, వాటి వెనక మాటలు రాసి మా చేతికిచ్చేవారు. ఒక్కో కాగితం మీద ఒకటే మాట, దాని కింద దాని మూలం. నా దగ్గర అవి చాలాకాలం ఉన్నాయి.

ఆయన గదిలో పోపుల పేర్లన్నీ వరసగా అచ్చేసిన పుస్తకం ఒకటుండేది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడనుకుంటాను, దాన్ని తిరగేస్తూ ఇన్నోసెంట్ అనే పేరు దగ్గర ఆగిపోయాను. ఆ మాట అప్పటికే ఇంగ్లీషు క్లాసులో చదువుకున్నాం, అర్థం అమాయకుడు అని రాసుకున్నాం. జగత్తులో ఇన్ని కోట్లమందికి పెద్దగా ఉండే మనిషికి ఆ పేరేమిటని ఆయన్నే అడిగాను. ఫాదర్ గారు వెంటనే జవాబు చెప్పలేదు. "పేతురుని రాయప్ప చేసుకున్నాం గదా, మరి ఇన్నోసెంట్‌ని ఏం చేసుకుందాం? అమాయకయ్య అందామా, నిర్దోషయ్య అందామా?" అని పిల్లలందర్నీ అడిగారు. తలా ఒకటి చెప్పాం. అప్పుడు క్యాలెండర్ కాగితం తీసి మూడు మాటలు రాశారు. నోచేరే, అంటే హాని చేయడం. నోచెన్స్, హాని చేసేవాడు. ఇన్నోచెన్స్, హాని చేయనివాడు. గుళ్ళో పలికే లాటిన్ ఉచ్చారణ అది. అదే మాట 14వ శతాబ్దంలో ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ఇన్నోసెంట్ అయింది.

"మన భాషలో దీనికి సరిగ్గా అతికే మాట అహింసకుడు" అన్నారాయన. ముందు చేర్చిన 'ఇన్', మన 'అ' లాగే, లేదు అని చెప్పేది. ఇంకో సంగతి కూడా చెప్పారు, అది మాకు భలే నచ్చింది. తాగి వీధిలో గొడవ చేసేవాళ్ళ మీద పోలీసులు పెట్టే న్యూసెన్స్ కేసు ఉంది చూశారూ, ఆ న్యూసెన్స్ కూడా ఈ నోచేరే కడుపున పుట్టిందే. విషవాయువుల్ని ఇంగ్లీషులో నాక్షస్ అంటారు, అదీ ఈ ఇంటిదే. ఒకే వేరు నుంచి ఒక కొమ్మ పోలీస్ స్టేషన్ వైపు, ఇంకో కొమ్మ రోమ్ నగరం వైపు పోయిందన్నమాట.

ఉపదేశి తాత పేరు ఇన్నాసి. ఇన్నాసి, ఇన్నోసెంట్ వినడానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి రెండూ ఒకటేనా అని ఆయనకే అనుమానం వచ్చింది. కాదని, ఇగ్నేషియస్ వేరే పేరని, అది లొయోలా ఊరి పునీతుడి పేరుగా మనకి వచ్చిందని ఫాదర్ గారు విడమరిచి చెప్పారు. తాత కొంచెం నిరాశపడ్డాడు. హాని చేయనివాడు అనే అర్థం ఆయనకి బాగా నచ్చింది మరి.

ఇన్నోసెంట్ పేరు పెట్టుకున్న పోపులు మొత్తం 13 మంది. మొదటివారు 401లో పదవికి వచ్చారు, 410లో గోతుల రాజు అలారిక్ సేనలు రోమ్‌ని కొల్లగొట్టింది ఆయన కాలంలోనే. చివరివారు 1724లో చనిపోయారు, ఆ తర్వాత ఎవరూ ఈ పేరు పెట్టుకోలేదు. ఈ వరసలో చరిత్ర పుస్తకాలన్నీ తప్పకుండా ఎత్తేది మూడవ ఇన్నోసెంట్ పేరు. అసలు పేరు లొటారియో, రోమ్‌కి దగ్గర్లోని సెఞ్ఞి ప్రభువుల వంశం. 1198 జనవరి 8న పోప్‌గా ఎన్నికయ్యేనాటికి వయసు 37 ఏళ్ళు. అప్పటికి ఆయన ఇంకా గురువు కూడా కాదు, గురువు కంటే ఒక మెట్టు కిందిదైన డీకన్ హోదాలో ఉన్న కార్డినల్. ఎన్నికయ్యాక ఫిబ్రవరిలో గురుపట్టం ఇచ్చి, మర్నాడే బిషప్‌గా అభిషేకించారు.

మాకు ఆయన ఎంత దగ్గరివాడో ఫాదర్ గారు చెప్పిన తీరు నేను మర్చిపోలేను. తిరుసభ, అంటే క్యాథలిక్ సంఘం, పెట్టిన కట్టడలు మేం రోజూ వల్లెవేసేవాళ్ళం: ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయవలెను, పాస్కా కాలంలో దివ్యసత్ప్రసాదం స్వీకరించవలెను. అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలి, ఈస్టర్ రోజుల్లో పూజలో ఇచ్చే అప్పం తీసుకోవాలి. "ఈ కట్టడ ఎవరి కాలంలో పెట్టారో తెలుసా? 1215 నవంబరులో రోమ్‌లోని లాటరన్ గుళ్ళో జరిగిన మహాసభలో. దాన్ని పిలిచింది ఈ ఇన్నోసెంట్ గారే" అన్నారు. పల్నాటి దారిలో పొగాకు బేరన్ల పక్కన కూర్చుని పిల్లలు వల్లించే వాక్యం 1215లో పుట్టిందంటే ఒళ్ళు పులకరించింది. చరిత్ర మీద ఇష్టం నాకు అక్కడ మొదలైంది.

ఆయన అక్కడితో ఆపలేదు. తర్వాతి శనివారం బెజియే అనే ఊరి సంగతి చెప్పారు. ఫ్రాన్స్ దక్షిణాన కథార్లు అనే ఒక శాఖవాళ్ళు ఉండేవారు. తిరుసభ వాళ్ళని తప్పుడు బోధకులంది. 1208లో పోప్ ప్రతినిధి ఒకరు ఆ ప్రాంతంలో హత్యకు గురైతే, మూడవ ఇన్నోసెంట్ వాళ్ళ మీద క్రూసేడుకి, అంటే మతయుద్ధానికి, పిలుపిచ్చారు. 1209 జూలై 22న సేనలు బెజియే ఊరి మీద పడ్డాయి. కథార్లా, క్యాథలిక్కులా అని చూడలేదు. ఆడ మగ, ముసలి ముతక తేడా లేకుండా దాదాపు 20,000 మందిని చంపామని సేనల వెంట ఉన్న పోప్ ప్రతినిధే పోప్‌గారికి ఉత్తరం రాశాడు. ఆ అంకె నిజంగా అంత ఉండకపోవచ్చునని చరిత్రకారులంటారు. అంకె తగ్గినా ఊరు తగలబడిన మాట తగ్గదు.

ఉపదేశి తాత ఇబ్బంది పడ్డాడు. "పిల్లలకి ఇవన్నీ ఎందుకు ఫాదర్ గారండీ?" అన్నాడు నెమ్మదిగా. "మన ఇంటి సంగతి మన నోటితో చెబితేనే పిల్లలు మనల్ని నమ్ముతారు ఇన్నాసీ. రేపు బయటివాళ్ళు చెబితే, మనం దాచామనుకుంటారు" అన్నారాయన. గొంతులో కోపం లేదు, తడబాటు లేదు. అలా చెప్పగలిగిన గురువు దొరకడం మా అదృష్టం. తన మతాన్ని ప్రాణంగా ప్రేమించే మనిషి, ఆ మతం చేసిన గాయాన్ని పిల్లల ముందు పేరు పెట్టి చెప్పడం చూశాను కాబట్టే, తర్వాత నేను చరిత్ర ఏది చదివినా దడుచుకోలేదు.

అదే నోటితో రెండో వైపు కూడా చెప్పారు. 1199లో యూదులకి బలవంతంగా జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వకూడదని, వాళ్ళ పండుగలు చెడగొట్టకూడదని, వాళ్ళ శ్మశానాలు పాడుచేయకూడదని రక్షణ పత్రం ఇచ్చింది ఈ ఇన్నోసెంటే. 1215 మహాసభలో యూదులూ ముస్లింలూ విడిగా కనబడేలా వేరే రకం బట్టలు కట్టాలని తీర్మానం చేయించిందీ ఆయనే. నాలుగో క్రూసేడు సేనలు 1202లో జారా అనే క్రైస్తవ నగరం మీద పడితే వాళ్ళని వెలివేశారు. 1204లో వాళ్ళు మరో క్రైస్తవ నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌ని దోచుకుంటే, అక్కడి ఘోరాలు తెలిశాక మండిపడుతూ ఉత్తరం రాశారు. కాని ఆ క్రూసేడుకి పిలుపిచ్చిందీ ఆయనే. ఒక మనిషిలో ఇన్ని ఉంటాయని ఆ వయసులో వినడం మంచిదే అయింది.

బౌద్ధ కథల్లో అంగుళిమాలుడి అసలు పేరు అహింసకుడని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. పుట్టినప్పుడు హాని చేయనివాడని పేరు పెట్టారు, పెద్దయ్యాక వేళ్ళు కోసి దండ గుచ్చుకున్నాడు. బుద్ధుడు ఎదురయ్యాక ఆ పేరుకి తగినట్టు బతకడానికి పాటుపడ్డాడు. ఆ కథ చదివిన రాత్రి ఫాదర్ గారు రాసిన క్యాలెండర్ కాగితం బయటికి తీసి చూసుకున్నాను. బౌద్ధ స్తూపం ఉన్న అమరావతి మా ఊరికి ఎంతో దూరం కూడా కాదు. ఆ కథ ఫాదర్ గారికి తెలిసి ఉంటే తప్పకుండా మాకు చెప్పి ఉండేవారు. ఆయన అప్పటికి లేరు.

నేను ఇంగ్లీషు లెక్చరర్‌నయ్యాను. ఇంటర్మీడియెట్ పిల్లలకి ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. మన వాళ్ళు దీన్ని వాడే తీరు వేరు. "మా వాడు చాలా ఇన్నోసెంట్ అండీ" అని పెళ్ళిచూపుల్లో అంటాం. లోకం తెలియనివాడు అని అర్థం. ఇంగ్లీషువాళ్ళకీ ఆ వాడుక ఉంది, కాని వాళ్ళకి ముందు గుర్తొచ్చేది కోర్టు. నేరం చేయనివాడు అని. మనకి ఆ చోట నిర్దోషి అనే మాట విడిగా ఉంది. బాంబు పేలితే పేపర్లో "అమాయక ప్రజలు" అని రాస్తాం, అక్కడ లోకజ్ఞానం గురించి కాదు గదా మాట్లాడేది, ఎవరికీ ఏ హానీ చేయనివాళ్ళు అని. లాటిన్ వాళ్ళ మొదటి అర్థం మనకి తెలియకుండానే అక్కడ పలుకుతుంది. అమాయకుడు అనే మాట కూడా ఎంత చక్కనిదో. మాయ లేనివాడు. మనం దాన్ని తెలివితక్కువవాడు అనే దాకా దిగజార్చుకున్నాం, ఇంగ్లీషులోనూ ఇదే జరిగింది. "యాన్ ఇన్నోసెంట్" అని నామవాచకంగా వాడితే వెర్రిబాగులవాడు అనే అర్థం ఒకప్పుడు ఉండేది. హాని చేయనివాణ్ణి వెర్రివాడి కింద జమకట్టడం రెండు భాషల్లోనూ జరిగిందంటే నాకు బాధగానే ఉంటుంది.

పోపుల పేర్లలో కొన్ని ఇంగ్లీషులో అచ్చంగా విశేషణాలుగా ఉండిపోయాయి. క్లెమెంట్ అంటే దయ గలవాడు, అర్బన్ అంటే నగరానికి చెందినవాడు, ఇన్నోసెంట్ సరేసరి. పయస్‌ని మాత్రం లాటిన్ రూపంలోనే ఉంచుకున్నారు. ఇటలీవాళ్ళు ఇన్నోచెంజో అంటారు, జర్మన్లు ఇన్నొట్సెంట్స్ అంటారు, రష్యావాళ్ళ ఇన్నొకెంతీ కూడా ఇదే. వాళ్ళకది పేరులా వినిపిస్తుంది. ఇంగ్లీషులో మాత్రం పెద్ద ఐ అక్షరం ఒక్కటే పేరుకీ విశేషణానికీ తేడా చూపిస్తుంది. మన లిపిలో పెద్దక్షరం చిన్నక్షరం లేవు. అందుకని తెలుగులో రాసేటప్పుడు "మూడవ" అనో "పోప్" అనో ముందు చేర్చకపోతే చదివేవాళ్ళు తికమకపడతారు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు దీని మీద పిల్లలకి ప్రత్యేకంగా చెప్పేదాన్ని.

ఇంగ్లీషు సాహిత్యంలో ఈ పేరు ఎప్పటినుంచో ఉంది. మూడవ ఇన్నోసెంట్ పోప్ కాకముందు, కార్డినల్ లొటారియోగా ఉన్నప్పుడు, మనిషి బతుకులోని దైన్యం గురించి లాటిన్‌లో ఒక పుస్తకం రాశారు. యూరప్ అంతటా రాతప్రతులుగా పాకిపోయింది. 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ తన కావ్యం ఒకదాని పీఠికలో, పోప్ ఇన్నోసెంట్ రాసిన దాన్ని తాను అనువదించానని చెప్పుకున్నాడు. ఆ అనువాదం మనకి దొరకలేదు, ఆ పంక్తి దొరికింది. క్లాసులో ఆ పంక్తి బోర్డు మీద రాసిన రోజున, ఏడో తరగతిలో వేసిన ప్రశ్నకి ఇంకో ముక్క దొరికినట్టు సంబరపడ్డాను.

2015లో వేసవి సెలవులకి లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మాగ్నా కార్టాకి 800 ఏళ్ళు నిండాయని బ్రిటిష్ లైబ్రరీలో పెద్ద ప్రదర్శన పెట్టారు. అమ్మాయి నర్సు, డ్యూటీ లేని రోజు చూసుకుని తీసుకెళ్ళింది. అందరూ 1215 జూన్‌లో రన్నీమీడ్ పచ్చికలో ఇంగ్లండ్ రాజు జాన్ తన మీద తిరగబడ్డ ప్రభువులకి ఒప్పుకున్న ఆ ప్రమాణపత్రం చుట్టూ గుమిగూడి ఉన్నారు. నేను వెతికింది దాని పక్క కథ. అదే ఏడాది ఆగస్టు 24న ఆ పత్రం చెల్లదని కొట్టేస్తూ పోప్ ఇచ్చిన శాసనం అక్కడే ఉంది. చిన్న తోలు ముక్క, దట్టంగా పేర్చిన సన్నని అక్షరాలు. మొదటి వరస మొదట్లోనే ఇన్నోచెంతియుస్ అని పేరు. దాని వెంటనే ఎపిస్కోపుస్, సెర్వుస్ సెర్వోరుమ్ దేయి. బిషప్, దేవుని దాసులకు దాసుడు అని. ఆ ఫార్ములా మాకు ఫాదర్ గారు పాటలాగా నేర్పారు. అద్దానికి ముక్కు ఆనించి మెల్లగా చదివాను. అమ్మాయి నా భుజం పట్టుకుని నిలబడింది.

ఆ రద్దు వెనక లెక్క వేరే. ఇంగ్లండ్ తిరుసభకి పెద్ద, కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా స్టీఫెన్ లాంగ్టన్‌ని పోప్ నియమిస్తే జాన్ ఒప్పుకోలేదు. దాంతో 1208 నుంచి 1214 దాకా ఇంగ్లండ్ మొత్తం మీద నిషేధం పెట్టారు. గుళ్ళల్లో మామూలు పూజలు లేవు, చచ్చినవాళ్ళని మంత్రాలతో పూడ్చడం లేదు. రాజుతో పేచీకి ఊళ్ళలో పేదసాదలకి శిక్ష. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. మా ఊళ్ళో చావు జరిగినప్పుడు ఫాదర్ గారు రావడం ఒక్క గంట ఆలస్యమైతే ఇంటివాళ్ళు ఎంత టెన్షన్ పడేవాళ్ళో నాకు తెలుసు. చివరికి 1213లో జాన్ దిగివచ్చి, తన రాజ్యాన్నే పోప్‌కి సమర్పించి, ఏటా 1,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) కప్పం కడతానని సామంతుడయ్యాడు. తన సామంతుడి మెడ మీద కత్తి పెట్టి రాయించుకున్న పత్రం చెల్లదన్నది పోప్ వాదన. 1216 జూలై 16న పోప్ ఇటలీలోని పెరూజాలో చనిపోయారు, అక్టోబరులో జాన్ పోయాడు. నవంబరులో అదే ప్రమాణపత్రాన్ని కొన్ని మార్పులతో మళ్ళీ వెలువరించినప్పుడు, దాని మీద పడ్డ ముద్రల్లో ఒకటి పోప్ ప్రతినిధి గ్వాలాది. కొట్టేసిన ఇంటివాళ్ళే పదిహేను నెలల్లో నిలబెట్టారు.

మా అమ్మాయితో పనిచేసే నైజీరియా నర్సు ఒకామె ఆ సాయంత్రం భోజనానికి వచ్చింది. ఈ పేరు సంగతి ఎత్తితే నవ్వుతూ వాళ్ళ తమ్ముడి పేరు అదేనంది. వాళ్ళ వైపు, రువాండా వైపు మగపిల్లలకి ఇది మామూలు పేరట. మా దేశంలో కేరళవాళ్ళూ పెట్టుకుంటారని చెప్పాను. మలయాళ నటుడు ఇన్నోసెంట్ మన తెలుగువాళ్ళకీ తెలిసిన ముఖమే. 2014లో చాలక్కుడి నుంచి లోక్‌సభకి కూడా ఎన్నికయ్యారు, 2023లో చనిపోయారు. ఇంగ్లండ్‌లో మాత్రం పిల్లలకి ఈ పేరు పెట్టినవాళ్ళు నాకు ఎదురు పడలేదు.

తర్వాత మా విచారణవాళ్ళతో కలిసి ఇటలీ యాత్రకి వెళ్ళాను. రోమ్‌లో లాటరన్ గుడి. లోపల పాలరాతి సమాధి మీద మూడవ ఇన్నోసెంట్ పడుకుని ఉన్నట్టు చెక్కారు. ఆయన ఎముకలు ఇక్కడికి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో, ఒకప్పుడు పెరూజా బిషప్‌గా చేసిన పదమూడవ లియో తెప్పించారు. పెరూజాలో ఆయన చనిపోయిన రాత్రి దొంగలు పడి, శవం మీది విలువైన వస్త్రాలు ఒలుచుకుపోయారు. మర్నాడు గుళ్ళోకి వెళ్ళిన జాక్ ద విత్రీ అనే గురువు, దాదాపు దిగంబరంగా, వాసన వేస్తున్న ఆ దేహాన్ని కళ్ళారా చూశానని రాశాడు. మనిషి బతుకు దైన్యం మీద పుస్తకం రాసినవాడి చివరి రాత్రి అది.

అసిసీలో ఒకదాని మీద ఒకటిగా కట్టిన రెండు గుళ్ళలో పై గుడి గోడ మీద ఆయన కల చిత్రం ఉంది. తలపాగా లాంటి మైటర్ పెట్టుకునే నిద్రపోతున్న పోప్, పక్కన ఒరిగిపోతున్న లాటరన్ గుడి, దాన్ని భుజంతో ఆపుతున్న ఆ ఊరి పునీతుడు ఫ్రాన్సిస్. చిరిగిన బట్టలతో వచ్చిన ఫ్రాన్సిస్‌ని, ఆయన వెంట ఉన్న పిడికెడు మందిని, 1209 ప్రాంతంలో నోటిమాటగా ఆశీర్వదించి పంపింది ఈ పోపే. అదే కాలంలో బెజియే తగలబడింది. ఆ చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాను. గైడు తొందరపెట్టినా కదలబుద్ధి కాలేదు.

ఫ్లోరెన్స్‌లో ఇంకో చోట ఈ మాట కనబడింది, అది పోప్‌కి సంబంధించింది కాదు. యేసు పుట్టినప్పుడు హేరోదు రాజు చంపించిన బెత్లెహేము పసిబిడ్డల్ని ఇంగ్లీషులో హోలీ ఇన్నోసెంట్స్ అంటారు, డిసెంబరు 28న వాళ్ళ పండుగ. ఆ బిడ్డల పేరు మీద 1419లో బ్రూనెల్లెస్కీ అనే వాస్తుశిల్పి కట్టడం మొదలుపెట్టిన అనాథ శిశువుల ఆశ్రమం అక్కడ ఉంది. ముందు వరండా పైన, నీలం పలకల మీద పొత్తిగుడ్డల్లో చుట్టిన పసిపాపల బొమ్మలు వరసగా. ఆ ఆశ్రమంలో పెరిగిన పిల్లలకి ఇన్నొచెంతి అని ఇంటిపేరు ఇచ్చేవాళ్ళు. ఆ ఇంటిపేరు ఇటలీలో ఇప్పటికీ ఉంది. తల్లిదండ్రులు తెలియని బిడ్డకి లోకం ఏమేం పేర్లు పెడుతుందో మనకి తెలుసు. హాని చేయనివాడు అని ఇంటిపేరు ఇచ్చిన ఆ ఊరికి చేతులెత్తి దండం పెట్టాను.

మూడవ ఇన్నోసెంట్ తన పేరుకి నిజంగా న్యాయం చేసిన చోటు ఏదని నన్నడిగితే, 1215 మహాసభ 18వ కట్టడ అంటాను. అంతకుముందు యూరప్‌లో నేరం తేల్చడానికి అగ్నిపరీక్షలు ఉండేవి. గురువు వచ్చి నిప్పునో నీటినో ఆశీర్వదించాలి. నిందపడ్డవాడు కాలిన ఇనుప కడ్డీ పట్టుకుని కొన్ని అడుగులు నడవాలి. చేతికి కట్టు కట్టి, మూడు రోజులకి విప్పి చూస్తారు. చీము పడితే దోషి. చల్లటి నీళ్ళ పరీక్షలో తాళ్ళతో కట్టి నీళ్ళల్లోకి దించుతారు. మునిగితే నిర్దోషి, తేలితే దోషి. గురువులు ఇకమీదట ఈ పరీక్షల్ని ఆశీర్వదించకూడదని ఆ మహాసభ కట్టడ చేసింది. గురువు రాకపోతే దేవుడి తీర్పు అనడానికి లేదు. 1219లో ఇంగ్లండ్ రాజు పేరు మీద న్యాయమూర్తులకి ఆదేశం వెళ్ళింది, ఆ పరీక్షలు ఆగిపోయాయి. వాటి స్థానంలో ఇరుగుపొరుగు మనుషులు కూర్చుని ఆలోచించి చెప్పే జ్యూరీ తీర్పు పెరిగింది. అందుకే ఇంగ్లీషు కోర్టులో జ్యూరీ "గిల్టీ" అనో "నాట్ గిల్టీ" అనో అంటుంది, ఇన్నోసెంట్ అనదు. నేరం రుజువైందా లేదా అన్నంతవరకే మనుషులు చెప్పగలరు, అంతకు మించి చెప్పే పని పెట్టుకోలేదు.

ఇంకో వందేళ్ళు తిరగకముందే, 1300ల మొదట్లో, జాన్ లెమువాన్ అనే ఫ్రెంచి కార్డినల్ తిరుసభ చట్టానికి వ్యాఖ్య రాస్తూ ఒక వాక్యం పెట్టాడు: నోచెన్స్ అని రుజువయ్యేదాకా ప్రతి ఒక్కరినీ ఇన్నోచెన్స్ అనే భావించాలి. ఫాదర్ గారు క్యాలెండర్ కాగితం మీద రాసిన రెండు మాటలూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదని మన సినిమాల్లో లాయర్లు గొంతెత్తి చెప్పే మాటకి చుట్టాలు ఇవన్నీ.

మా మేనకోడలు విజయవాడలో లా చదువుతోంది. ఇదంతా మొన్న దానికి వివరంగా రాసి పంపాను. దానికి అన్నిటికంటే 1219 నాటి ఆదేశం సంగతి నచ్చిందట. ఈ సెమిస్టర్ ప్రాజెక్టు దాని మీదే చేస్తానని, ఇంకా ఏమేం చదవాలో చెప్పమని ఫోన్ చేసింది. ఆదివారం వస్తానంది. పుస్తకాలు బీరువాలోంచి తీసి పెట్టాను.